విడాకులలో పాత స్పోర్ట్స్ కారు విలువ నిర్ధారణ

విడాకులలో పాత స్పోర్ట్స్ కారు విలువ నిర్ధారణ అనగా వివాహబంధము రద్దయ్యే సందర్భములో దంపతుల ఆస్తుల జాబితాలో ఉన్న ఒక పాత స్పోర్ట్స్ కారుకు ఉభయపక్షాలు గాని, న్యాయస్థానము గాని అంగీకరించదగిన ధరను నిర్ణయించే ప్రక్రియ. ఈ సమస్య అమెరికా సంయుక్త రాష్ట్రాలలో తరచుగా ఎదురవుతుంది. అక్కడ వివాహకాలములో సమకూరిన ఆస్తిని విడాకుల సమయములో పంచవలసి ఉంటుంది. కారును ముక్కలు చేసి పంచలేరు కనుక ఒకరు కారును ఉంచుకొని, రెండవవారికి దాని విలువలో వాటాను డబ్బు రూపములోనో, మరొక ఆస్తి రూపములోనో ఇస్తారు. కాబట్టి జాబితాలో ఆ కారు ఎదుట వ్రాసే ఒక్క అంకె మీదనే రెండవవారికి దక్కే సొమ్ము ఆధారపడి ఉంటుంది. ఉంచుకొనేవారికి ఆ అంకె చిన్నదిగా ఉంటే లాభము, వదులుకొనేవారికి పెద్దదిగా ఉంటే లాభము. సాధారణ కారు విషయములో ధరల పుస్తకము చూసి కొద్ది నిమిషాలలో తేల్చగల ఈ లెక్క, ముప్పై నలభై ఏళ్ళ నాటి స్పోర్ట్స్ కారు విషయములో అంత తేలిక కాదు.

సాధారణ కారుకు, పాత స్పోర్ట్స్ కారుకు భేదము

కొత్త కారు కొన్న నాటి నుండి దాని విలువ ఏటేటా తగ్గుతూ పోతుంది. కొన్ని రకాల స్పోర్ట్స్ కార్ల విలువ మాత్రము కొంతకాలము తగ్గి, ఒక దశలో నిలిచి, తరువాత పెరగటం మొదలుపెడుతుంది. తయారీ ఆగిపోవుట, మిగిలిన కార్ల సంఖ్య తగ్గుట, బాల్యములో ఆ కారు బొమ్మను గోడకు అంటించుకొన్న తరము మధ్యవయస్సుకు వచ్చి డబ్బు చేతిలో ఉండుట దీనికి కారణాలు. జర్మనీకి చెందిన పోర్షే 911 కార్లలో గాలితో చల్లబడే ఇంజను గలవాటి తయారీ 1998లో ముగిసింది. 2010 తరువాతి సంవత్సరాలలో వాటి ధరలు గణనీయముగా పెరిగాయి. వెనుక అద్దము రెండుగా చీలి ఉండే షెవ్రొలే కార్వెట్ కూపే 1963 మోడలులో మాత్రమే వచ్చింది. కేవలము ఆ ఒక్క లక్షణము వలన ఆ ఏటి కారుకు, మరుసటి ఏటి కారుకు ధరలో పెద్ద తేడా ఉంటుంది.

పాతబడిన ప్రతి స్పోర్ట్స్ కారూ విలువైనది కాదని కూడా గుర్తించవలెను. వేల సంఖ్యలో తయారై, తుప్పు పట్టి, విడిభాగాలు దొరకని కార్లు అనేకము ఉన్నాయి. 2018లో ఒక ఫెరారీ 250 జి.టి.ఓ. కారు వేలములో 4.84 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. ఇటువంటి వార్తలు చదివి ప్రతి పాత ఎర్ర కారునూ నిధిగా భావించుట పొరపాటు. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పొరపాటు మరింత నష్టదాయకము. కార్ల గురించి తెలియని భాగస్వామి, గ్యారేజిలో గుడ్డ కప్పి ఉన్న వాహనాన్ని "పాత బండి" అని జాబితాలో రెండు మూడు వేల డాలర్లకు ఒప్పుకొని సంతకము చేయుట. ఆస్తి పంపకము తీర్పుగా నమోదైన తరువాత దానిని తిరగదోడటం చాలా కష్టము.

కారు ఎవరిది?

విలువ కట్టుటకు ముందు కారు పంపకములోకి వస్తుందా రాదా అన్నది తేలవలెను. అమెరికాలో ఆస్తి పంపకానికి రెండు పద్ధతులు ఉన్నాయి. ఆరిజోనా, కాలిఫోర్నియా, ఐడహో, లూసియానా, నెవాడా, న్యూ మెక్సికో, టెక్సాస్, వాషింగ్టన్, విస్కాన్సిన్ అనే 9 రాష్ట్రాలు ఉమ్మడి ఆస్తి పద్ధతిని పాటిస్తాయి. వివాహకాలములో భార్యాభర్తలలో ఎవరు సంపాదించినా అది ఇద్దరిదీ అని దీని సారాంశము. వీటిలో కాలిఫోర్నియా సమాన భాగాలుగా పంచవలెనని శాసిస్తుంది. టెక్సాస్ "న్యాయమైన, సముచితమైన" రీతిలో పంచవలెనని చెబుతుంది, అది సగము సగముగానే ఉండనక్కరలేదు. మిగిలిన రాష్ట్రాలలో సాధారణముగా సముచిత పంపిణీ పద్ధతి అమలులో ఉన్నది. అక్కడ న్యాయమూర్తి వివాహకాలము, ఇరువురి సంపాదన, ఆరోగ్యము వంటి అంశాలను చూసి వాటాలు నిర్ణయిస్తారు.

రిజిస్ట్రేషను ఒకరి పేరున ఉన్నంత మాత్రాన కారు వారి స్వంతమైపోదు. కొన్న తేదీ, కొన్న డబ్బు ఎక్కడిది అన్నవి ముఖ్యము. వివాహానికి ముందు కొన్నది, వారసత్వముగా వచ్చినది, బహుమతిగా వచ్చినది సాధారణముగా స్వంత ఆస్తి. అయితే భార్యాభర్తలు ఒకరికొకరు ఇచ్చుకొనే బహుమతుల విషయములో చిక్కు ఉన్నది. కాలిఫోర్నియాలో ఒక ఆస్తి స్వభావము మారవలెనంటే స్పష్టమైన లిఖితపూర్వక ప్రకటన ఉండవలెను. దుస్తులు, ఆభరణాలు, ఇతర వ్యక్తిగత స్వభావము గల వస్తువులకు, వాటి విలువ ఆ దంపతుల స్థితికి పెద్దది కానిచో, మినహాయింపు కలదు. బహుమతిగా వచ్చినదని చెప్పబడిన ఒక పోర్షే కారు మీద వచ్చిన వివాదములో, కారు అటువంటి వ్యక్తిగత వస్తువు కిందికి రాదని ఆ రాష్ట్ర అప్పీలు న్యాయస్థానము 2009లో తీర్పు చెప్పింది. పుట్టినరోజు నాడు తాళంచెవికి రిబ్బను కట్టి ఇచ్చిన కారైనా, కాగితము మీద వ్రాత లేనిచో బహుమతిగా నిలవకపోవచ్చునన్నమాట.

మిక్కిలి చిక్కైనది మరొక సందర్భము. భర్త వివాహానికి ముందే ఒక శిథిలమైన కారును కొన్నాడనుకొందాము. వివాహమైన తరువాత పదేళ్ళ పాటు సెలవు దినాలన్నీ దానికే వెచ్చించి, ఇంటి జీతములోనుండి విడిభాగాలు కొని బాగుచేసినాడు. కారు అతని స్వంతమే అయినా, దాని పెరిగిన విలువలో భార్యకు హక్కు ఉన్నదా? సముచిత పంపిణీ రాష్ట్రాలలో అనేకము దీనికి ఒక భేదము పాటిస్తాయి. ఎవరి ప్రయత్నమూ లేకుండా కేవలము మార్కెట్టు వలన పెరిగిన విలువ స్వంత ఆస్తిగానే ఉంటుంది. వివాహకాలపు శ్రమ వలన, ధనము వలన పెరిగిన భాగము పంపకములోకి వస్తుంది. ఉమ్మడి ఆస్తి రాష్ట్రాలలో ఉమ్మడి సొమ్ము ఒకరి స్వంత ఆస్తి మీద ఖర్చయినప్పుడు దానిని తిరిగి రాబట్టుకొనే హక్కు రూపములో ఈ సమస్యను పరిష్కరిస్తారు. ఏ పద్ధతిలోనైనా పాత రసీదులే ఆధారము. విడిభాగాల రసీదులను డబ్బాలో వేసి దాచే అలవాటు ఉన్నవారి మాటకు న్యాయస్థానములో బలము ఎక్కువ.

ఏ విలువ?

ఒకే కారుకు ఒకే రోజున కనీసము నాలుగైదు ధరలు ఉంటాయి. డీలరు వెంటనే నగదు ఇచ్చి కొనే ధర, ఒక వ్యక్తి మరొక వ్యక్తికి అమ్మే ధర, డీలరు తన దుకాణములో పెట్టి అమ్మే ధర, వేలములో పలికే ధర, బీమా పత్రములో వ్రాసిన ధర అనేవి వేరువేరు. వీటిలో మొదటిది అన్నింటికంటె తక్కువ. దుకాణపు ధర, బీమా ధర ఎక్కువగా ఉంటాయి. వాదములో ఒక పక్షము మొదటిదానిని, మరొక పక్షము చివరిదానిని పట్టుకొనుట సర్వసాధారణము. ఇద్దరూ అబద్ధము చెప్పటము లేదు, కాని ఇద్దరూ ఒకే ప్రశ్నకు సమాధానము చెప్పటము లేదు.

సాధారణముగా న్యాయస్థానాలు కోరేది సముచిత మార్కెట్టు విలువ. కొనవలెనని గాని అమ్మవలెనని గాని బలవంతము లేని, సంబంధిత విషయాలన్నీ తెలిసిన కొనుగోలుదారునికి, అమ్మకందారునికి మధ్య కుదిరే ధర అని దీని నిర్వచనము. అమెరికా సమాఖ్య ఎస్టేటు పన్ను నిబంధనలలో ఈ నిర్వచనానికి ఉదాహరణగా కారునే తీసుకొనుట విశేషము. అదే రకము, అదే వయస్సు, అదే స్థితిలో ఉన్న కారును సామాన్య ప్రజలు ఎంతకు కొనగలరో అదే దాని విలువ అని, పాత కార్ల వ్యాపారి ఇచ్చే ధర కాదని ఆ నిబంధన చెబుతుంది. అది విడాకులకు ఉద్దేశించినది కాకపోయినా, డీలరు ఇచ్చే తక్కువ ధరనే విలువగా చూపదలచిన వాదానికి చక్కని సమాధానము.

పాత కార్లకు బీమా చేసే సంస్థలు తరచుగా ఒప్పుదల విలువ పద్ధతిని అనుసరిస్తాయి. అనగా కారు పూర్తిగా పాడైనచో ఎంత చెల్లించవలెనో ముందే ఇరుపక్షాలు నిర్ణయించుకొంటాయి. యజమాని దానిని కాస్త ఎక్కువగా వ్రాయించుకొనే అవకాశము ఉన్నది కనుక అది మార్కెట్టు ధరకు సాక్ష్యముగా సరిపోదు. అయినప్పటికీ గత ఏడు బీమా కొరకు తన కారు 90 వేల డాలర్లు చేస్తుందని సంతకము చేసిన మనిషి, ఈ ఏడు న్యాయస్థానములో అది 40 వేలు మాత్రమే చేస్తుందని చెప్పినచో, ఆ తేడాకు సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది.

భావావేశపు విలువకు లెక్కలో స్థానము లేదు. తండ్రి నడిపిన కారైనా, పెళ్ళి ఊరేగింపులో వాడిన కారైనా ధర మారదు. ఎవరికి కారు దక్కవలెనన్న నిర్ణయములో మాత్రము అటువంటి అంశము పనికిరావచ్చును.

ఏ తేదీనాటి విలువ?

ధరలు కదులుతూ ఉంటాయి కనుక తేదీ ముఖ్యము. కాలిఫోర్నియా కుటుంబ చట్టములోని 2552వ సెక్షను ప్రకారము ఆస్తులకు విచారణ తేదీకి సాధ్యమైనంత దగ్గరలో విలువ కట్టవలెను; ఒక పక్షము 30 రోజుల ముందు నోటీసు ఇచ్చి తగిన కారణము చూపినచో, దంపతులు విడిపోయిన తరువాతి మరొక తేదీని న్యాయస్థానము ఎంచుకోవచ్చును. న్యూయార్క్ రాష్ట్రములో దావా వేసిన నాటి నుండి విచారణ నాటి వరకు ఏ తేదీనైనా తీసుకొనే వీలున్నది.

విడాకుల దావాలు రెండు మూడేళ్ళు సాగుట అరుదు కాదు. కోవిడ్ మహమ్మారి కాలములో, 2020 నుండి 2022 వరకు, సేకరణ కార్ల ధరలు వేగముగా పెరిగి ఆ తరువాత కొంత చల్లబడ్డాయి. 2020లో విడిపోయి 2022లో విచారణకు వచ్చిన జంటకు ఈ రెండు తేదీల మధ్య తేడా చిన్నదేమీ కాదు. చట్టము వలన కూడా ధరలు మారుతాయి. అమెరికాలో 25 ఏళ్ళు నిండిన విదేశీ కారును సమాఖ్య భద్రతా ప్రమాణాల నుండి మినహాయింపుతో దిగుమతి చేసుకోవచ్చును. ఈ కారణముగా 1989లో జపానులో విడుదలైన నిస్సాన్ స్కైలైన్ జి.టి.-ఆర్. (ఆర్32) 2014 నుండి అమెరికా కొనుగోలుదారులకు అందుబాటులోకి వచ్చింది.

విడిపోయిన తరువాత ఒకరు తమ స్వంత సంపాదనతో కారుకు కొత్త ఇంజను వేయించినా, లేదా అశ్రద్ధగా వర్షములో వదలివేసినా విలువ మారుతుంది. అందువలన విడిపోయిన వెంటనే కారును అన్ని వైపుల నుండి, అడుగు భాగముతో సహా, ఫోటోలు తీసి ఓడోమీటరు అంకెను నమోదు చేసుకొనుట మంచిది. కాలిఫోర్నియాలో దావా సమనుతో పాటే వర్తించే తాత్కాలిక ఉత్తర్వుల వలన, రెండవవారి లిఖితపూర్వక సమ్మతి గాని, న్యాయస్థానపు ఉత్తర్వు గాని లేకుండా కారును అమ్ముట, తాకట్టు పెట్టుట, దాని బీమాను రద్దు చేయుట నిషిద్ధము.

కారు స్థితి, పత్రాలు

పాత కార్ల ధరల సూచికలలో ప్రసిద్ధమైన హేగర్టీ సంస్థ సూచిక కార్లను నాలుగు తరగతులుగా విభజిస్తుంది. మొదటి తరగతి ప్రదర్శన పోటీలలో గెలిచే స్థాయి. రెండవది అతి చిన్న లోపాలు తప్ప అన్నీ బాగున్న కారు. మూడవది వాడుకలో ఉండి, చూడ చక్కగా ఉండి, దగ్గరగా చూస్తే లోపాలు కనబడే కారు. నాలుగవది నడుస్తుంది గాని గీతలు, చినుగులు, తుప్పు కంటికి కనబడే కారు. రెండవ తరగతికి మూడవ తరగతికి మధ్య ధరలో పెద్ద అంతరము ఉంటుంది. నిత్యము నడిపే కార్లలో అధిక భాగము మూడవ తరగతికే చెందినా, యజమానులు తమ కారును రెండవ తరగతిదని నమ్ముట ఎక్కువ. విడాకుల సమయములో అదే యజమాని దానిని నాలుగవ తరగతిదని చెప్పుట కూడా కద్దు.

పరీక్షలో చూసేవి అనేకము. ఇంజను సిలిండర్లలో కంప్రెషన్ ఎంత ఉన్నదో కొలుస్తారు. రంగు మందాన్ని మీటరుతో కొలిచి ప్రమాదములో దెబ్బతిని టింకరింగ్ జరిగిన భాగాలను గుర్తిస్తారు. పుట్టీ పూసిన చోట అయస్కాంతము అంటుకోదన్నది పాత చిట్కా. అయితే కార్వెట్ కార్ల పైభాగము 1953 నుండి ఫైబర్ గ్లాసుతో తయారవుతున్నది కనుక అక్కడ ఈ చిట్కా పనిచేయదు. నేల కింది భాగము, తలుపుల అడుగు, బ్యాటరీ ఉండే చోటు తుప్పుకు నిలయాలు.

ఇంజను, గేరుబాక్సు, ఛాసిస్ సంఖ్యలు ఫ్యాక్టరీ రికార్డులతో సరిపోలిన కారుకు, ఇంజను మార్చిన కారు కంటె ఎక్కువ ధర పలుకుతుంది. 1981 మోడలు నుండి అమెరికాలో వాహన గుర్తింపు సంఖ్య 17 అక్షరాలుగా ప్రామాణీకరించబడింది. కార్‌ఫ్యాక్స్ వంటి సంస్థలు ఇచ్చే వాహన చరిత్ర నివేదికలు ఈ 17 అక్షరాల సంఖ్య మీదనే ఆధారపడతాయి కనుక, అంతకు ముందరి కార్లకు కాగితపు రసీదులు, పాత యజమానుల వివరాలే దిక్కు. ఓడోమీటరు అంకెను కూడా గుడ్డిగా నమ్మరాదు. పాత కార్లలో చాలావాటి ఓడోమీటరులో మైళ్ళకు ఐదు అంకెలు మాత్రమే ఉండేవి. 99,999 తరువాత మరల సున్నా వస్తుంది. 43,000 మైళ్ళు చూపే కారు నిజముగా 1,43,000 మైళ్ళు నడిచి ఉండవచ్చును. పైగా 2010, అంతకు ముందరి మోడళ్ళకు అమ్మకము సమయములో మైళ్ళ సంఖ్యను ధ్రువీకరించవలెనన్న సమాఖ్య నిబంధన ఇప్పుడు వర్తించదు.

ధరల ఆధారాలు

లాస్ ఏంజెలెస్‌లో లెస్ కెల్లీ 1926లో ప్రచురించిన కెల్లీ బ్లూ బుక్ అమెరికాలో పాత కార్ల ధరలకు పర్యాయపదముగా మారింది. దంపతులు మొదట చూసేదీ అదే. అయితే అది నిత్యము వాడే కార్ల కొరకు ఉద్దేశించినది. సేకరణదారులు కోరే అరుదైన కార్లకు సరిపోదు. ఒక మోడలు పేరు కింద సగటు ధర చెప్పగలదు గాని, ఈ గేరుబాక్సు, ఈ రంగు, ఈ చరిత్ర గల కారుకు ఎంత అని చెప్పలేదు.

పాత స్పోర్ట్స్ కారుకు ఉత్తమమైన ఆధారము అదే రకమైన కార్లు ఇటీవల నిజముగా అమ్ముడైన ధరలు. ఆరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో వేలాలు నిర్వహించే బారెట్-జాక్సన్, ఇంకా మీకమ్, ఆర్.ఎం. సదబీస్ వంటి సంస్థల ఫలితాలు అందరికీ అందుబాటులో ఉంటాయి. బ్రింగ్ ఎ ట్రైలర్ అనే ఆన్‌లైన్ సంస్థ 2014లో వేలాలు మొదలుపెట్టిన తరువాత మధ్యతరగతి ధరల కార్ల అమ్మకాలు కూడా ఫోటోలతో, వివరాలతో సహా నమోదవుతున్నాయి. దీనివలన విలువ కట్టుట పూర్వముకంటె సులభమైనది. అమ్మకానికి పెట్టినవారు అడిగే ధరలు మాత్రము సాక్ష్యానికి పనికిరావు, అడిగిన ధర వచ్చినదో లేదో ఎవరికీ తెలియదు కనుక. వేలపు ధరలో కొనుగోలుదారుడు అదనముగా చెల్లించే రుసుము కలిసి ఉన్నదా లేదా అన్నది కూడా చూసుకోవలెను. మూడు నాలుగు పోలికలు సరిగా ఎంచుకొనుట, ముప్పై పోలికలు గుడ్డిగా చేర్చుటకంటె మేలు.

మదింపుదారుని పాత్ర

కారు విలువ గణనీయమైనదని తోచినప్పుడు వృత్తిరీత్యా విలువ కట్టే మదింపుదారుని నియమించుకొంటారు. అమెరికాలో మదింపు వృత్తికి 1987లో రూపొందిన ఏకరూప ప్రమాణాలు ఉన్నాయి. వీటి ప్రకారము మదింపుదారుని రుసుము అతడు చెప్పే విలువ మీద ఆధారపడరాదు. నివేదికలో ఏ విధమైన విలువ, ఏ తేదీకి, ఎవరి కొరకు, ఏ ప్రయోజనానికి అన్నవి స్పష్టముగా ఉండవలెను. బీమా కొరకు ఇచ్చిన పాత నివేదికను విడాకుల దావాలో దాఖలు చేయుట తరచుగా జరిగే తప్పు.

ఇద్దరూ చెరొక మదింపుదారుని తెచ్చుకొన్నచో ఇద్దరి రుసుములూ ఖర్చు, అంకెలు మాత్రము ఎడమొగము పెడమొగము. ఇద్దరూ కలిసి ఒకరినే నియమించుకొని, అతని మాటకు కట్టుబడుట మేలైన పద్ధతి. కాలిఫోర్నియాలో న్యాయస్థానమే సాక్ష్య చట్టము 730వ సెక్షను కింద నిపుణుని నియమించగలదు. కారు యజమాని కూడా తన కారు విలువ గురించి సాక్ష్యము చెప్పవచ్చును. అయితే ఆ మాటకు ఎంత బరువు ఇవ్వవలెనన్నది న్యాయమూర్తి ఇష్టము.

ఊహాత్మక ఉదాహరణ

ఈ కింది అంకెలు లెక్క తెలియుటకు ఊహించినవి మాత్రమే. కాలిఫోర్నియాలో ఒక జంట వివాహమైన తరువాత 2008లో 1987 నాటి పోర్షే 911 కరేరా కారును 30,000 డాలర్లకు ఉమ్మడి సొమ్ముతో కొన్నారు. (1987లో ఈ కారుకు జి50 అనే కొత్త గేరుబాక్సు వచ్చింది. చూపుకు 1986 కారు వలెనే ఉన్నా కొనేవారు దీనికి ఎక్కువ ఇస్తారు. ధరల పుస్తకములో కేవలము కారు పేరు చూసేవారు ఇటువంటి భేదాలను గమనించలేరు.) విడాకుల వేళ భర్త కారును ఉంచుకొనదలచి, డీలరు ఇవ్వజూపిన 58,000 డాలర్లను విలువగా చూపినాడు. భార్య తరఫు న్యాయవాది ధరల సూచికలోని రెండవ తరగతి ధర 98,000 డాలర్లను చూపినాడు. మొదటి లెక్కలో భార్య వాటా 29,000, రెండవ లెక్కలో 49,000 డాలర్లు.

ఉభయులూ నియమించిన మదింపుదారుడు కారు మూడవ తరగతిదని, ఇటీవల అమ్ముడైన మూడు పోలికల ఆధారముగా మంచి నడక స్థితిలో 80,000 డాలర్లు చేస్తుందని తేల్చినాడు. క్లచ్ మార్పిడికి, నూనె కారుట ఆపుటకు 6,000 డాలర్లు ఖర్చవుతుంది కనుక విలువ 74,000 డాలర్లు. పోలికగా తీసుకొన్న కార్లకు కూడా ఇవే లోపాలు ఉండి ఉంటే ఈ 6,000 తగ్గించరాదు. తగ్గించినచో ఒకే లోపాన్ని రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. అదే విధముగా 2019లో రంగు వేయించుటకు ఖర్చయిన 18,000 డాలర్లను విలువకు కలుపరాదు. ఆ రంగు వలన కలిగిన లాభము 74,000 లోనే ఇమిడి ఉన్నది. బాగుచేయుటకు అయిన ఖర్చు వేరు, బాగుపడిన కారు ధర వేరు.

భార్య వాటా ఇప్పుడు 37,000 డాలర్లు. అయితే రంగు ఖర్చులో 10,000 డాలర్లు తనకు తండ్రి నుండి వారసత్వముగా వచ్చిన సొమ్మని భర్త బ్యాంకు పత్రాలతో రుజువు చేసినచో, కుటుంబ చట్టము 2640వ సెక్షను కింద ఆ 10,000 వడ్డీ లేకుండా ముందుగా అతనికి చెందుతుంది. మిగిలిన 64,000లో సగము, అనగా 32,000 డాలర్లు భార్యకు వస్తుంది. కారు మీద అప్పు ఉన్నచో పంచవలసినది విలువలో నుండి అప్పు పోగా మిగిలినదే.

పన్ను, అమ్మకపు ఖర్చులు

సమాఖ్య ఆదాయపు పన్ను చట్టములో 1984లో చేర్చిన 1041వ సెక్షను ప్రకారము విడాకులలో భాగముగా భార్యాభర్తల మధ్య జరిగే ఆస్తి బదిలీ మీద పన్ను లేదు. కాని కారుతో పాటు దాని పాత కొనుగోలు ధర కూడా బదిలీ అవుతుంది. పై ఉదాహరణలోని కారును ఉంచుకొన్న వ్యక్తి తరువాత లాభానికి అమ్మినచో పన్ను భారము అంతా అతనిదే. దీనిని ముందుగానే విలువలో నుండి తగ్గించవలెనని వాదించేవారు ఉన్నారు. అయితే పన్ను భారము తక్షణమైనది, నిర్దిష్టమైనది కానిచో దానిని లెక్కలోకి తీసుకోరాదని కాలిఫోర్నియా సుప్రీం కోర్టు 1976లోనే చెప్పింది. కారును నిజముగా అమ్మవలసి వచ్చినప్పుడే ఈ లెక్కలకు అర్థము ఉంటుంది.

వివాదము తెగే మార్గాలు

ఎంతకీ అంకె కుదరనప్పుడు కారును అమ్మి వచ్చిన సొమ్మును పంచుకొనుట అన్నింటికంటె నిర్వివాదమైన మార్గము. మార్కెట్టు చెప్పిన ధరకు ఎవరూ ఎదురు చెప్పలేరు. రెండవ మార్గము, తక్కువ విలువ చెబుతున్నవారి ఎదుట ఆ ధరకే కారును తాను తీసుకొంటానని రెండవవారు ముందుకు వచ్చుట. 58,000 డాలర్లే చేస్తుందని వాదించిన భర్త, భార్య ఆ ధరకు కారును తీసుకొంటానన్నప్పుడు ఒప్పుకొనుట అరుదు. తెలుగు పల్లెలలో అన్నదమ్ముల పంపకాలలో పెద్దవాడు భాగాలు వేయగా చిన్నవాడు ముందు కోరుకొనే పద్ధతి వెనుక ఉన్న తర్కము కూడా ఇదే. భాగము వేసేవాడికి ఏది తనకు మిగులుతుందో తెలియదు కనుక న్యాయముగా వేస్తాడు.

దాచిన కారు

స్నేహితుని గ్యారేజిలో పెట్టిన కారు, తమ్ముని పేరుకు మార్చిన కారు, జాబితాలో "నడవని స్థితి" అని వ్రాసిన కారు విడాకుల న్యాయవాదులకు సుపరిచితాలు. కాలిఫోర్నియాలో ఇరుపక్షాలూ తమ ఆస్తి అప్పుల వివరాలను ప్రమాణపూర్వకముగా వెల్లడించవలెను. టెక్సాస్‌లో కూడా ప్రమాణముతో కూడిన జాబితాను న్యాయస్థానము కోరగలదు. కాలిఫోర్నియాలో మోసబుద్ధితో దాచినట్లు రుజువైనచో దాచిన ఆస్తి మొత్తాన్ని రెండవవారికి ఇచ్చే అధికారము న్యాయస్థానానికి ఉన్నది. భర్తకు తెలియకుండా దాచిన లాటరీ సొమ్ము మొత్తాన్ని భర్తకే ఇచ్చిన ఉత్తర్వును 2001లో ఆ రాష్ట్ర అప్పీలు న్యాయస్థానము సమర్థించింది. బీమా పత్రాలు, రిజిస్ట్రేషను రుసుము, గ్యారేజి అద్దె, విడిభాగాల కొనుగోళ్ళు బ్యాంకు ఖాతాలలో కనబడతాయి కనుక కారును దాచుట నగదును దాచినంత సులభము కాదు.

ప్రవాస తెలుగువారు, భారతదేశము

అమెరికాలో తెలుగువారు అధికముగా నివసించే కాలిఫోర్నియా, టెక్సాస్ రెండూ ఉమ్మడి ఆస్తి రాష్ట్రాలు. న్యూజెర్సీ సముచిత పంపిణీ రాష్ట్రము. వివాహము తిరుపతిలో హిందూ పద్ధతిలో జరిగినా, నివాస నియమము నెరవేరినచో అక్కడి న్యాయస్థానములో విడాకుల దావా వేయవచ్చును. కాలిఫోర్నియాలో రాష్ట్రములో 6 నెలలు, కౌంటీలో 3 నెలలు; టెక్సాస్‌లో రాష్ట్రములో 6 నెలలు, కౌంటీలో 90 రోజులు నివసించి ఉండవలెను. అప్పుడు అక్కడి కారు పంపకము అక్కడి చట్టము ప్రకారమే జరుగుతుంది. తల్లిదండ్రులు భారతదేశము నుండి పంపిన సొమ్ముతో కొన్న కారైతే ఆ సొమ్ము ఎవరికి, ఏ ఉద్దేశముతో వచ్చినదో తెలిపే పత్రాలు అవసరమవుతాయి.

భారతదేశములో గోవా మినహా వివాహకాలపు ఆస్తిని సగము సగముగా పంచే చట్టము లేదు. కారు ఎవరి పేరున, ఎవరి సొమ్ముతో కొన్నదైతే వారిదే. హిందూ వివాహ చట్టము, 1955లోని 27వ సెక్షను, పెళ్ళి సమయములో బహూకరించిన, దంపతులిద్దరికీ ఉమ్మడిగా చెందిన ఆస్తి గురించి ఉత్తర్వులు ఇచ్చే అధికారాన్ని న్యాయస్థానానికి ఇస్తుంది. పెళ్ళిలో ఇచ్చిన కారు ఈ సెక్షను కింద చర్చకు రావచ్చును. భరణము దావాలలో ఇరుపక్షాలూ ఆస్తి అప్పుల వివరాలను ప్రమాణపత్రముతో దాఖలు చేయవలెనని సుప్రీం కోర్టు 2020లో ఆదేశించింది కనుక, పాత కారు విలువ ఆ మార్గములో కూడా ముందుకు వస్తుంది.

భారత బీమా పద్ధతిలో కారుకు ప్రకటిత విలువ ఏటేటా నిర్ణీత శాతములో తగ్గుతూ, నాలుగు నుండి ఐదేళ్ళ మధ్య కొత్త ధరలో సగానికి చేరుతుంది. ఐదేళ్ళు దాటిన కారుకు పట్టిక లేదు. బీమా సంస్థ, యజమాని కలిసి ఒప్పుకొన్నదే విలువ. 50 ఏళ్ళు దాటిన, పెద్ద మార్పులు చేయని వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసే నియమాలు 2021లో వచ్చాయి. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, ఆ తరువాత పునర్నమోదుకు 5,000 రూపాయలు రుసుము. ఇటువంటి వాహనాలను నిత్యము రోడ్ల మీద నడుపరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనము నింపుటకు, మరమ్మతులకు మాత్రమే తీసుకువెళ్ళవచ్చును.